ఏడో తరగతి అయిపోతోంది. పర్లాకిమిడిలోనే ఉంచాలా, పాతపట్నం పంపాలా?

పర్లాకిమిడి నాన్న:
అందరికీ దండాలు. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. మా వాడు ఇక్కడి తెలుగు మీడియం బడిలో ఏడు చదువుతున్నాడు, పాప మూడు. తెలుగులో పాఠం చెప్పే మాస్టారు ఒక్కరే మిగిలారు. మొన్న వెళ్ళి చూస్తే, నల్లబల్ల మధ్యలో సుద్దముక్కతో గీత గీసి ఎడమవైపు ఆరో తరగతి లెక్కలు, కుడివైపు ఏడో తరగతి సైన్సు రాస్తున్నారు. ఆయన గొంతు పూడుకుపోయింది, అయినా ఆపలేదు. ఆయన రిటైరైతే ఎవరొస్తారో బడిలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఒడియా మీడియంలో వేసెయ్యమని కొందరు, మహేంద్రతనయ ఏరు దాటించి ఆంధ్రాలోని పాతపట్నంలో చేర్చమని కొందరు. కొత్త విద్యా విధానంలో అమ్మ భాషలోనే చదువన్నారు కదా, మరి మాకెందుకు లేదు? వాణ్ణి ఇంజినీరింగ్ చదివించాలని మా ఇంటిదాని ఆశ.

బరంపురం అక్క:
తమ్ముడూ, ఇప్పుడే పంపెయ్. మా వీధిలో తెలుగు మీడియం పిల్లలు తగ్గిపోయారు. తగ్గారని పోస్టు నింపరు, పోస్టు లేదని ఇంకొందరు మానేస్తారు. నీ కొడుకు చదువు ఆ గొడవలో నలగకూడదు.

రిటైర్డు మాస్టారు:
బాబూ, తొందరపడకండి. ఏడో తరగతి మధ్యలో అస్సలు కదపొద్దు. ఒడిశా సర్కారు కొలువుకి మామూలుగా ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలంటారు. తెలుగు మీడియంలో ఉన్నా ఒడియా సబ్జెక్టు మంచి మార్కులతో పాసవనివ్వండి, ఆ మార్కుల కాగితం భద్రంగా దాచండి. రేపు వాడు పోలీసో, మాస్టారో అవుదామనుకుంటే అక్కరకొచ్చేది అదే.

ఇక అవతలి ఒడ్డు సంగతి. ఆంధ్రాలో కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివితే లోకల్. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. పది ఇక్కడ రాసి ఇంటర్‌కి వెళ్తే నాన్‌లోకలే. మిగతా 15 శాతం చూద్దామన్నా తల్లో తండ్రో పదేళ్ళు అక్కడ కాపురముండాలి, లేదా అక్కడ సర్కారు ఉద్యోగం చేస్తుండాలి. నాకు తెలిసిన పిల్లలు ఇంటి పక్కనే వంతెనున్నా ఈ లెక్క తెలియక సీటు పోగొట్టుకున్నారు. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకని పంపేదుంటే ఎనిమిది అయ్యాక, తొమ్మిదికి పంపండి. అక్కడి ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి వాడు మరీ బెదరడు.

పాప విషయంలో మాత్రం ఊరుకోకండి. 1956 రాజ్యాంగ సవరణతో వచ్చిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందించమంటోంది. అంతకుముందే 1949లో విద్యామంత్రుల సమావేశం, బడిలో 40 మంది గానీ తరగతిలో పదిమంది గానీ ఉంటే ఆ భాష మాస్టారుని వెయ్యాలని ఒప్పుకుంది. 2009 విద్యాహక్కు చట్టమూ, మీరన్న కొత్త విద్యా విధానమూ (2020) మాతృభాషే అంటాయి, కానీ రెండూ ‘వీలైనంత వరకు’ అని తలుపు ఓరగా తెరిచి ఉంచాయి. అందుకే మీరు లెక్కతో వెళ్ళాలి. తరగతి వారీగా పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు రాసి జిల్లా విద్యాశాఖకివ్వండి. రసీదు తీసుకోండి. కదలకపోతే భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కి నకలు పంపండి, ఆ పదవి ఉన్నదే అందుకు.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పంతులుగిరీ చేస్తూ ఇక్కడి కొండల్లోని గిరిజనుల భాష సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. అలాంటి ఊళ్ళో మన పిల్లలకి ఒక మాస్టారుని అడగడానికి మొహమాటమెందుకు?

పర్లాకిమిడి నాన్న:
మాస్టారూ, నాలుగేళ్ళ లెక్క మాకెవరూ చెప్పలేదు. వాణ్ణి ఎనిమిది దాకా ఇక్కడే ఉంచుతాం. సంతకాలు ఈ ఆదివారం మొదలెడతా. పాప క్లాసులో తెలుగు పిల్లలు పదిమందికి పైనే. వాడు అక్కడ చదివితే ఇక్కడి సీట్లకి పనికిరాడా?

రిటైర్డు మాస్టారు:
మీరు ఒడిశా నివాసులే కదా, తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ తీసి ఉంచండి. ఏ ఏటికా ఏడు అడ్మిషన్ ప్రకటనలో నిబంధన చదివి అప్లై చెయ్యండి. పాతపట్నం బడి నుంచి ప్రతి ఏడూ స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి, నాలుగేళ్ళవీ చివర్లో ఒక్కసారే అడిగితే తిప్పుతారు. వినతిపత్రం రాశాక ఇక్కడ పెట్టండి, ఇచ్చేముందు నేనోసారి చూస్తాను.