అప్‌డేట్: థీమ్ పార్క్ మోడల్‌లో రైడ్ షెడ్డు కనిపించే సమస్య తీరింది

ఆర్కిటెక్చర్ ఫైనలియర్ ప్రాజెక్టులో కోట ముఖద్వారం వెనక 12 మీటర్ల ఎత్తు రైడ్ షెడ్డు (రైడ్ నడిచే పెద్ద షెడ్డు) జనం నడిచే దారిలోంచి కనిపించేస్తోంది, ఎలా దాచాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

పనిచేసింది సెక్షన్ (స్థలాన్ని నిలువునా కోసినట్టు పక్కనుంచి చూపే బొమ్మ) గీసి చూడమన్న సలహా. కంటి ఎత్తు 1.6 మీటర్లు, షెడ్డు దూరం 60 మీటర్లు. కంటి నుంచి షెడ్డు పైఅంచుకు గీత గీస్తే, 10 మీటర్ల దూరంలో మూడున్నర మీటర్ల మట్టిగట్టు, దాని మీద పొదలు చాలు. నేనేమో చెట్లన్నీ 50 మీటర్ల అవతల, షెడ్డు పక్కన పెట్టాను. అక్కడైతే పదిన్నర మీటర్ల చెట్లు కావాలి! అవి పెరిగేసరికి నాకు మనవలు పుడతారు.

షెడ్డుకు ఆకుపచ్చ రంగు వేయాలా అన్న చర్చ అక్కర్లేకపోయింది. భూమిలోకి దించమన్న సలహా ఖర్చు చూసి వదిలేశాను.

గట్టు ఆలోచనకు మా ప్రాజెక్టు గైడ్‌ని ఒప్పించింది మాత్రం డిస్నీలాండ్‌లోని హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల ఇంటి రైడ్ ఉదాహరణ. 1969లో తెరిచిన ఆ రైడ్‌లో గోడలు పొడవుగా సాగుతున్నట్టు కనిపించే గది నిజానికి లిఫ్ట్. జనాన్ని కిందికి దించి, పార్కు రైలు పట్టాల అడుగు నుంచి, పార్కు మట్టిగట్టు బయట ఉన్న షెడ్డులోకి పంపుతుంది.

ఒక్క జాగ్రత్త: కొలత దారికి షెడ్డు నుంచి ఎక్కువ దూరంలో ఉన్న అంచు నుంచి తీయండి. మొదట నేను దారి మధ్య నుంచి తీశాను, షెడ్డు మళ్లీ తొంగిచూసింది.