సోటోని యాంకీస్ ఎందుకు ఆపుకోలేకపోయింది? ఆర్‌టీఎం లాంటిదేమీ లేదా?

మారతహళ్లి_మార్నింగ్‌షో

బెంగళూరులో ఉంటూ తెల్లవారుజామున 4:35కి లేచి న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ మ్యాచ్ పెట్టుకునే తెలుగువాళ్ళు ఇక్కడ కొందరున్నారని తెలుసు, అందుకే అడుగుతున్నా.

ఐపీఎల్ లెక్కలు నాకు బాగానే తెలుసు. మన సిరాజ్‌ని ఆర్‌సీబీ వదిలేసినప్పుడు మండిపోయింది గానీ విషయం మాత్రం అర్థమైంది. గుజరాత్ 12.25 కోట్లకు పాడింది, చేతిలో ఆర్‌టీఎం (వేరే టీమ్ పాడిన ధర తనే ఇచ్చి పాత ఆటగాణ్ణి తిరిగి తీసుకునే హక్కు) ఉండి కూడా ఆర్‌సీబీ వాడలేదు. యాంకీస్ వదిలి మెట్స్‌కి వెళ్ళిన హ్వాన్ సోటో సంగతే అంతుపట్టడం లేదు. యాంకీస్ 760 మిలియన్ డాలర్లు ఇస్తామంది, అదే ఊరి మెట్స్ 765 అంది. ఇంత మొత్తంలో 5 మిలియన్లు ఒక తేడానా? అంతకు అంత ఇచ్చి ఉంచుకునే హక్కు పాత టీమ్‌కి లేదా? పోనీ, బదులుగా యాంకీస్‌కి ఏమైనా దక్కిందా? "డబ్బు మనిషి" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా చెప్పండి.

కోరమంగళ_కట్టర్

హక్కు లేదు. అసలు విషయం అక్కడే ఉంది.

అమెరికా బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో ఆటగాడి మీద క్లబ్‌కి హక్కు ఆరేళ్ళ సర్వీస్ దాకానే. సీజన్‌లో 172 రోజులు జట్టులో ఉంటే ఏడాది సర్వీస్ కింద లెక్క. మొదటి మూడేళ్ళు దాదాపు క్లబ్ ఇచ్చిందే జీతం. తర్వాత ఆర్బిట్రేషన్ దశ. ఇద్దరూ తలో అంకె చెప్తారు, మధ్యలో రాజీ పడితే సరే, లేకపోతే మధ్యవర్తుల ముందుకు వెళ్తుంది. ఆరు నిండి ఒప్పందం ముగిస్తే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. ఇక్కడ వేలం ఉండదు, ఎవరి ఆఫర్ ఎంతో బయటికి చెప్పాల్సిన పని లేదు, ఆఖరి పాట నాదే అనే హక్కు ఎవరికీ లేదు.

యాంకీస్ 2023 డిసెంబర్‌లో సోటోని కొనుక్కున్నది ఆ ఆరేళ్ళలో మిగిలిన ఒక్క సీజన్‌కే. దానికి మైకేల్ కింగ్, హిగషియోకా, డ్రూ థార్ప్, బ్రిటో, వాస్కెజ్‌లను సోటో పాత జట్టు శాన్ డియేగోకి ఇచ్చుకుంది. సోటోతో పాటు ట్రెంట్ గ్రిషమ్ వచ్చాడు. 2024 జీతం 31 మిలియన్లు. ఆ ఏడాది 41 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), 129 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే మొదటి బేస్‌కి వెళ్ళడం), జట్టు వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) దాకా. ఇచ్చిన ధరకి సరుకు దక్కిందనే నా అభిప్రాయం. "పోగొట్టుకున్నాం" అనేవాళ్ళు అద్దె ఇల్లు ఖాళీ చేసి సొంతిల్లు పోయిందని ఏడుస్తున్నారు.

ఇంకో మాట. 2022లో అప్పటి జట్టు వాషింగ్టన్ 15 ఏళ్ళకి 440 మిలియన్లు ఇస్తానంటే సోటో కాదన్నాడు. ఏడాదికి 29.3 పడుతుంది. ఏజెంట్ స్కాట్ బోరాస్, తన ఆటగాళ్ళని ఫ్రీ ఏజెన్సీ దాకా తీసుకెళ్తాడని పేరున్నవాడు. సోటో ఫ్రీ ఏజెన్సీ దాకా ఆగుతాడని అప్పుడే తెలిసిపోయింది కదా.

బ్లీచర్_బాబాయ్

కట్టర్ గారు హక్కుల సంగతి చెప్పేశారు, నేను అంకెలు చూస్తా. అసలు తేడా 5 మిలియన్లు కానే కాదు.

యాంకీస్ ఆఫర్ 16 ఏళ్ళకి 760, అంటే ఏడాదికి 47.5. మెట్స్‌ది 15 ఏళ్ళకి 765, ఏడాదికి 51. మూడున్నర మిలియన్ల తేడా ఏటా ఉంటుంది, పైగా ఒక ఏడాది ముందే ఒప్పందం ముగుస్తుంది. అందులో 75 మిలియన్లు సైనింగ్ బోనస్, వాయిదా పడేది ఒక్క డాలరూ లేదు. డాడ్జర్స్ స్టార్ ఓటానీ 700 మిలియన్ల ఒప్పందంతో పోల్చేవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. ఆ 700లో 680 మిలియన్లు 2034 నుంచి పదేళ్ళలో వచ్చేవి. అందుకే లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం ఒక గీత దాటితే జట్టు కట్టేది) లెక్కలో ఓటానీ ఏడాదికి 46 మిలియన్ల చిల్లరే. సోటో పూర్తిగా 51.

కొన్ని వార్తల్లో 805 అని కనిపిస్తుంది, కంగారు పడకండి. 2029 సీజన్ తర్వాత ఒప్పందంలోంచి బయటికి వెళ్ళే వీలు సోటోకి ఉంది. ఆఖరి పదేళ్ళకి ఏటా 4 మిలియన్లు కలిపితే మెట్స్ ఆ వీలును రద్దు చేయొచ్చు. అలా చేస్తేనే 805. కుటుంబానికి స్టేడియంలో ఉచిత సూట్ (మ్యాచ్ చూసే ప్రత్యేక గది) మెట్స్ ఒప్పుకుందని, తమ స్టార్లు జడ్జ్, జీటర్ డబ్బు కట్టి తీసుకున్నదాన్ని ఊరికే ఇవ్వలేమని యాంకీస్ అందని కూడా వార్తలొచ్చాయి. 765 దగ్గర అది కారణమంటే నేను నమ్మను.

ఇక ట్యాక్స్. 2025 ఐపీఎల్‌లో పర్సు 120 కోట్లంటే 120 కోట్లే. ఇక్కడ గీత దాటొచ్చు, కానీ కట్టాలి. 2025లో గీత 241 మిలియన్లు. మూడో ఏడాది వరసగా దాటిన జట్టుకి మొదటి మెట్టు మీద 50 శాతం, 301 దాటిన ప్రతి డాలరుకీ 110 శాతం. 47.5 మొత్తం ఆ పై మెట్టు మీదే పడిందనుకోండి, ట్యాక్స్ ఇంకో 52.25. ఏడాదికి ఒక్క మనిషికి దాదాపు వంద మిలియన్లు! అయినా 760 దాకా వచ్చారంటే యాంకీస్ పిసినారితనం చేసిందనడం అన్యాయం.

జయనగర్_జడ్జ్99

బాబాయ్, లెక్కలు సరే. సోటోది ద్రోహమనే మాటకొస్తే, 2025 మే 16న యాంకీ స్టేడియంలో బ్లీచర్స్ (చవక సీట్ల) జనం సోటోకి వీపు చూపించారు, బూ అనే అరుపులు సరేసరి. అతను మూడు వాక్‌లు తీసుకుని పోయాడు. నాకైతే ఆ బూలు తప్పనిపించలేదు, ఊరు మారకుండా పక్క బరోకి (నగరంలోని ఇంకో భాగానికి) వెళ్తే ఊరుకుంటారా?

కానీ జట్టు పాడైపోలేదు. ఆ డబ్బుతో పిచర్ (బౌలర్ లాంటివాడు) మాక్స్ ఫ్రీడ్‌ని 8 ఏళ్ళకి 218 మిలియన్లకి తెచ్చారు, గోల్డ్‌ష్మిట్‌ని ఒక్క ఏడాదికి 12.5కి. బెలింజర్, డెవిన్ విలియమ్స్ ట్రేడ్‌లో (ఆటగాళ్ళ మార్పిడిలో) వచ్చారు. ఫ్రీడ్ 19 మ్యాచ్‌లు గెలిచాడు, జట్టు 94-68 (గెలుపులు, ఓటములు). ఆర్‌సీబీ చేసిందీ ఇలాంటిదే. ముగ్గురిని 37 కోట్లకు అట్టిపెట్టుకుని మిగిలిన 83 కోట్లతో జెడ్డా వేలానికి వెళ్ళింది. సిరాజ్ కోసం ఆర్‌టీఎం తీయకుండా హేజిల్‌వుడ్‌ని 12.50కి, భువనేశ్వర్‌ని 10.75కి కొనుక్కుంది. సిరాజ్ చిన్నస్వామికి వచ్చి 19 పరుగులకి 3 వికెట్లు తీసి వెళ్ళాడు, కప్పు మాత్రం ఆర్‌సీబీదే.

ఒక్కటే లోటు. యాంకీస్ బ్యాటింగ్ వరసలో సోటో రెండో స్థానం, జడ్జ్ మూడు. జడ్జ్ వచ్చేసరికి బేస్ మీద మనిషి ఉండేవాడు, సోటో ఆన్‌బేస్ (బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు బేస్ చేరిన వంతు) .419. అలాంటివాడు ఏ ట్రేడ్‌లోనూ దొరకడు. విలియమ్స్ గురించి అడగొద్దు, ఏడాది తిరిగేసరికి అతనూ మెట్స్‌కే పోయాడు.

మారతహళ్లి_మార్నింగ్‌షో

బాగా అర్థమైంది. సోటో 43 హోమ్ రన్లు కొట్టినా మెట్స్ 83-79తో ప్లేఆఫ్స్‌కే రాలేదు, జయనగర్ అన్న ఆ ముక్క ఎందుకు వదిలేశాడో! బదులుగా ఏం దక్కిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కోరమంగళ_కట్టర్

దక్కింది చాలా తక్కువ. వరల్డ్ సిరీస్ అయిన ఐదు రోజుల్లోపు పాత క్లబ్ ఒక్క ఏడాది ఒప్పందానికి క్వాలిఫయింగ్ ఆఫర్ పెట్టొచ్చు. మొత్తం లీగ్‌లో పై 125 జీతాల సగటు ఎంతో అంత. 2024లో అది 21.05 మిలియన్లు, సోటో కాదన్నాడు. దాంతో పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతు) వస్తుంది, కానీ యాంకీస్ ట్యాక్స్ కట్టే జట్టు కాబట్టి అది నాలుగో రౌండ్ తర్వాతది. మెట్స్‌కే దెబ్బ ఎక్కువ. తమ పిక్‌లలో రెండోదీ ఐదోదీ పోయాయి, విదేశీ కుర్రాళ్ళ మీద ఖర్చుపెట్టే కోటాలో మిలియన్ కోత పడింది.

ఈ ఆఫర్ ఒక ఆటగాడికి జీవితంలో ఒక్కసారే. సీజన్ మధ్యలో ట్రేడ్ అయినవాడికి అసలు పెట్టకూడదు. జూలైలో స్టార్లని తెచ్చుకున్న జట్లకి వాళ్ళు వెళ్ళిపోతే చేతిలో ఏమీ మిగలనిది అందుకే.

జయనగర్_జడ్జ్99

అయితే 2029లో సోటో బయటికి పోతే మెట్స్‌కి పిక్ రాదా?

కోరమంగళ_కట్టర్

ఇప్పటి నిబంధనల ప్రకారం రాదు, అతని ఆఫర్ 2024లోనే వాడేశారు. ఆపాలంటే ఆ 40 మిలియన్లు కలపడం ఒక్కటే దారి. అయితే ఈ కార్మిక ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. కొత్తదాంట్లో ఏం మారుస్తారో చూసి అప్పుడు మాట్లాడుకుందాం.