నల్గొండలో పాత ఇల్లు అమ్మకానికి పెట్టినం: రంగు ముందా, రిపేర్లు ముందా?

నల్గొండ_180గజాలు:
నల్గొండ టౌన్‌ల 180 గజాల తూర్పు ముఖం ఇల్లు, 2004ల కట్టింది. రెండు బెడ్‌రూములు, హాలు, వంటిల్లు, కింద తాండూరు బండలు. ఏడాదిన్నర సంది తాళమేసి ఉంది. నాన్న పేరు మీదనే ఉంది, ఆయన లేరు. అమ్మ, అక్క, నేను ఉన్నం. ఇప్పటికి నలుగురొచ్చి చూసిన్రు, మళ్ల ఫోన్ లేదు. లోపలికి రాంగనే బాత్రూం వాసన, హాలు పడమటి గోడకు మోకాలెత్తు దాకా పొక్కులు, నల్లాలకు తెల్ల మరకలు. మేస్త్రీ ఏమో మొత్తం లప్పం (పుట్టీ) పెట్టి రంగేస్తే కొత్తింటి లెక్క అయితది, లక్షన్నర అంటుండు. మాతోని లక్ష దాటి కాదు. ఏది ముందు చేయాలె, ఏది వదిలెయ్యాలె?

సివిల్_దేవరకొండ:
రంగు అన్నిటికంటే చివరి పని. చెమ్మ గోడకు లప్పం పెడితే రెండు వానలకే పొలుసులు లేస్తాయి. అప్పుడు చూడొచ్చినాయన ఆ ఒక్క గోడ గురించే అనుకోడు, ఇంకేం దాచిన్రో అనుకుంటాడు. పొక్కులు కనబడే పాత గోడకు తగ్గే ధర కంటే కొత్త రంగు కింద లేచిన పొక్కుకు తగ్గే ధరే ఎక్కువ.

అయితే పొక్కులున్నాయంటే గోడ ఇంకా తడిగానే ఉందని కాదు. తడి ఎప్పుడో ఆగిపోయినా గోడలోని ఉప్పు మిగిలి రంగును తోస్తూనే ఉంటుంది. తేల్చుకోవడం సులువే. పొక్కులు గీకి, రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించండి. రెండు రోజులయ్యాక చూడండి. షీటు లోపలి వైపు నీటి బొట్లుంటే తడి గోడలోంచి వస్తోంది. లోపల పొడిగా ఉంటే మీ అదృష్టం, గీకుడు, ప్లాస్టరింగ్‌తో పోతుంది. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లు కొట్టి కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

బొట్లు కనబడితే ఆ గోడ అవతల ఏముందో చెప్పండి. ఇంకో పని, రాత్రి నల్లాలన్నీ కట్టేసి పై ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టి, పొద్దున చూడండి.

పాలమూరు_ప్లంబింగ్:
వాసనకు పైసా ఖర్చు లేదన్నా. నహానీ ట్రాప్‌ల, అంటే బాత్రూం నీళ్లు పోయే జాలీ కింది వంపుల, ఎప్పుడూ రెండు అంగుళాల నీళ్లు నిలిచి ఉండాలె, ఆ నీళ్లే డ్రైనేజీ గాలిని ఆపుతయి. ఇల్లు మూసిపెడితే అవి ఎండిపోతయి, గ్యాస్ లోపలికొస్తది. ప్రతి ట్రాప్‌ల, సింకుల, కమోడ్‌ల ఒక మగ్గు నీళ్లు పొయ్యండి. చూడనీకి వచ్చేటోళ్లుంటే ముందురోజే పోసి కిటికీలు తెరిచిపెట్టండి. నీళ్లు పోసినంక గూడ వాసనొస్తే ట్రాప్ పగిలిందనుకోవాలె. అగర్‌బత్తి ముట్టియ్యకండి, వాసన దాస్తున్నరని తెలిసిపోతది.

నల్లాల మీది తెలుపు బోరు నీళ్ల సున్నం. లీటరు గోరువెచ్చని నీళ్లల్ల 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి నల్లాకు చుట్టి అరగంట ఉంచండి. కొసకున్న జాలీ విప్పి అదే నీళ్లల్ల నానబెడితే ధార మంచిగొస్తది. బాత్రూం యాసిడ్ పొయ్యకండి, క్రోమ్ లేచిపోతది. తాండూరు బండ మీద అయితే యాసిడ్ గాని నిమ్మ ఉప్పు గాని చుక్క పడొద్దు. అది సున్నపురాయి, పడ్డకాడ నురగొచ్చి గరుకుగ, తెల్లగ అయితది, పాలిష్ పడితే తప్ప పోదు. యాసిడ్ల బ్లీచింగ్ పౌడరు కలిపితే వచ్చే గ్యాస్ ప్రాణం మీదికొస్తది, పనామెకు ముందే చెప్పండి.

నల్గొండ_180గజాలు:
షీటు లోపలంతా బొట్లే. అవతల బాత్రూమే. ట్యాంకుల రాత్రికి రాత్రి నాలుగు అంగుళాలు తగ్గింది.

పాలమూరు_ప్లంబింగ్:
గట్లయితే గోడల ఉన్న పైపే. 2004 ఇల్లంటే జీఐ (జింకు పూత ఇనుప) పైపులుంటయి, మన దిక్కు ఉప్పు నీళ్లకు జాయింట్ల కాడ తుప్పుపట్టి కారుతయి. ఎక్కడ కారుతుందో ఎతుకుతా గోడంతా పగలగొట్టియ్యకండి. ఒక్కటి మూస్తే ఆర్నెల్లకు పక్కది కారుతది. పాత లైనుకు రెండు దిక్కులా ప్లగ్గులు పెట్టి వదిలెయ్యండి. ట్యాంకు నుంచి కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) లైను బయటి గోడ మీదికెల్లి దించండి, మెయిన్ ముప్పావు అంగుళం, నల్లాలకు అర అంగుళం. మూడడుగులకో క్లాంపు. ఎండ తగిలే కాడ పైపుకు రంగెయ్యాలె. నీళ్లు వదిలే ముందు, పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మీద రాసినంత సేపు జాయింట్లను ఆరనియ్యండి. తర్వాత ట్యాంకు గీత పరీక్ష మళ్ల ఒకసారి.

సివిల్_దేవరకొండ:
పైపు పనయ్యాక గోడ. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్‌ను ఇటుక కనబడేలా తీసెయ్యండి. ఇటుకల సందులు అర అంగుళం లోతు గీకండి. వెంటనే పూయొద్దు, పది రోజులు ఫ్యాన్ పెట్టి ఆరనివ్వండి. తర్వాత 1:4 సిమెంటు ఇసుక, బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావణం, 12 మిల్లీమీటర్ల మందం. ఏడు రోజులు తడపాలి. ఆ తర్వాత కనీసం మూడు వారాలు ముట్టుకోవద్దు.

రంగుకు ముందు ఒక వరస పాటించండి. కరెంటు వైర్లకు గోడలో కొట్టే గాడీలు, బండల పాలిష్, ఆ తర్వాతే ప్రైమరు, లప్పం, రంగు. పాలిష్ మిషను చిమ్మే బురద అడుగెత్తు దాకా గోడకు పడుతుంది. రంగయ్యాక పాలిష్ పెడితే మళ్లీ పెయింటర్‌ను పిలవాల్సిందే.

పాత గోడను అరచేత్తో రుద్దితే పొడి అంటుకుంటే అది డిస్టెంపర్. గీకకుండా లప్పం పెడితే డిస్టెంపర్‌తో సహా ఊడుతుంది. 12×12 గది, పది అడుగుల ఎత్తు, సీలింగుతో కలిపి తలుపులు, కిటికీలు పోను 575 చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకు, అంటే రెండు సార్లు వేస్తే, లీటరు ఎమల్షన్ రంగు 60, 70 చదరపు అడుగులకు పడుతుంది, అంటే గదికి తొమ్మిది లీటర్లు. లక్షలో సరిపెట్టాలంటే లప్పం హాలు వరకే పెట్టించండి. మిగతా గదులకు పగుళ్లు పూడ్చి రెండు కోట్లు చాలు. బయటికి ముందు గోడ, గేటు. కిచెన్ ప్లాట్‌ఫాం మార్చడం, కొత్త టైల్స్ పూర్తిగా వదిలెయ్యండి. కొనేవాళ్లు తమ ఇష్టప్రకారం పగలగొట్టుకుంటారు. వాస్తు మార్పులు కూడా అంతే. ఒక సిద్ధాంతి చెప్పింది ఇంకో సిద్ధాంతి ఒప్పుకోడు.

రిజిస్ట్రీ_పనులు:
ఇల్లు చూసిపోయిన నలుగురిలో ఒకరిద్దరు గోడ చూసి కాదు, కాగితాలు చూసి వెనక్కి పోయి ఉండొచ్చు. నాన్నగారి వీలునామా లేకపోతే మీ ముగ్గురివీ సమాన వాటాలు. ముగ్గురూ అమ్మకందారులుగా సంతకం పెట్టాలి. అక్కకు పెళ్లయినా అంతే. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వచ్చిన దస్తావేజులు), ఇంటి పర్మిషన్ ప్లాను, బాకీ లేని ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక ఫైలులో పెట్టండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల పత్రం) 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది, మీరే తీసి ఇవ్వండి. లోను మీద కొనేవాళ్లు ఆ ఫైలు జిరాక్సు అదే రోజు బ్యాంకు లాయరుకు పంపుకుంటారు.

నల్గొండలో ప్రతి ఒక్కరూ అడిగేది నీళ్ల గురించే. బోరు పది నిమిషాలు నడిపి, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టి పరీక్ష చేయించండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకుంటే 1.5 దాకా. మీది దాటితే దాచకండి. బోరు వాడుకకు, మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా తాగడానికి అని విడిగా చూపించండి.

సివిల్_దేవరకొండ:
ఫొటోలు పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య తియ్యండి, తూర్పు ముఖానికి అప్పుడే ఎండ. గది మూలలో నిలబడి, ఫోను అడ్డంగా, ఛాతీ ఎత్తులో. సజ్జల మీది బిందెలు, పాత ట్రంకులు ముందే దించెయ్యండి. కొత్త ప్లాస్టరింగ్ గోడను ఫొటోలోనూ, చూపించేటప్పుడూ దాటెయ్యకండి. తుప్పుపట్టిన పైపు ముక్క ఒకటి పారెయ్యకుండా ఉంచి చూపించండి.

ఆషాఢంలో చూసేవాళ్లు వస్తారు గానీ బయానా ఇవ్వరు. ఆ నెల గోడ పనికి వాడుకోండి. వానల్లో మూడు వారాలు చాలకపోవచ్చు, ప్రైమరు కొట్టే ముందు ప్లాస్టిక్ షీటు మళ్లీ అతికించి చూడండి.