అమ్మమ్మ ఇంటి దూలాలతో సందుగ: కుసులా, స్క్రూలా?

హనుమకొండ మనవడు:
పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు విప్పేశాం. నాలుగు టేకు దూలాలు నా వాటాకు వచ్చాయి. బొంతలు, దుప్పట్లు పెట్టుకోవడానికి మూడున్నర అడుగుల సందుగ చేయించాలనుకుంటున్నాను. అమ్మమ్మ సందుగలో ఒక్క మేకు కూడా లేదు, అంతా కుసి, బెజ్జం పనే, అంటే ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి (కుసి) ఇంకో కర్రకు తొలిచిన రంధ్రంలో (బెజ్జం) దూర్చడం. మా వడ్రంగి మాత్రం జిగురు, స్క్రూలు అయితే రెండు రోజులు, కుసులు చెక్కాలంటే వారం అంటున్నాడు. కుసి పని నిజంగా గట్టిదా, లేక నాది పాతకాలం మీద మోజా?

కాజీపేట క్వార్టర్స్:
మోజే. మా ఇంట్లో స్క్రూల బీరువాకు పదిహేనేళ్లు, చెక్కుచెదరలేదు. స్క్రూలు చవకగా దొరికి ఉంటే మన తాతలూ అవే బిగించేవారు.

పాత ఉలి:
మీ బీరువా ప్లైవుడ్‌ది అయి ఉంటుంది. అందులో పొరలు ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అతికి ఉంటాయి కనుక పెద్దగా కదలదు. దూలం కోసి తీసిన పలక అలా కాదు. వానాకాలంలో తేమ పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పొడవు మాత్రం దాదాపు మారదు. కర్రలో తేమ 5 శాతం మారితే 18 అంగుళాల టేకు పలక 2 నుంచి 4 మిల్లీమీటర్లు కదులుతుంది. నాలుగు వైపులా జిగురు, స్క్రూలతో కట్టేస్తే ఎక్కడికి పోతుంది? నడిమికి పగులుతుంది. ఆ చప్పుడు ఒక మే నెల రాత్రి నేను విన్నాను. పగిలింది నేను చేసిన పెట్టే.

అందుకే చట్రానికి కుసి, బెజ్జం. పలక చట్రం గాడిలో వదులుగా, ఒక్క చుక్క జిగురు లేకుండా కూర్చోవాలి. ఒకటిన్నర అంగుళం మందం చట్రానికి అర అంగుళం కుసి చాలు. కుసి ఊడకుండా అడ్డంగా కొట్టే కర్ర చీల కోసం బెజ్జం ఉన్న కర్రకు, కుసికి వేసే చిల్లులు ఒకే వరుసలో ఉండకూడదు. కుసి చిల్లును దాని మొదలు వైపు 1 మిల్లీమీటరు జరపాలి. చీల కొడుతుంటే అది కుసిని లోపలికి లాక్కుంటుంది. చివరి దెబ్బకు వెంట్రుకంత సందు కూడా కళ్లముందే మూసుకుపోతుంది.

జమ్మికుంట తమ్ముడు:
అన్నా, పలకలకు నిర్మల్ బొమ్మల పొనికి కర్ర వాడితే? తేలిక కదా.

పాత ఉలి:
తమ్ముడూ, అది బొమ్మలు చెక్కే మెత్తని కర్ర. బొంతల బరువు దాని మీద వేయకు.

కాజీపేట క్వార్టర్స్:
పలక సంగతి ఒప్పుకున్నాను. చట్రం మూలలకు స్క్రూ వేస్తే తప్పేమిటి?

వడ్రంగి కొడుకు:
తప్పు లేదు, పట్టు తక్కువ. మూలలో స్క్రూ దిగేది కర్ర కొసలోకి, నారల పొడవునా. అక్కడ మరలకు ఆధారం ఉండదు. టేకులో నూనె ఉంటుంది కనుక జిగురును నమ్ముకున్నా, అతికించే ముందు అప్పటికప్పుడు చిత్రిక పట్టాలి.

ఇక మేకు లేని సందుగ అని మురిసిపోయేవారు దాని మూత బందులు కూడా ఒకసారి చూడాలి. మా నాన్న కుసి పని మానేసింది చేతకాక కాదు. మెచ్చుకునేవారు చాలామంది ఉండేవారు, ఆ వారానికి కూలి ఇచ్చేవారే లేరు. మనవడు గారూ, బేరం ఆడకుండా ఇవ్వగలిగితేనే కుసులు అడగండి. లేదంటే స్క్రూలే వేయించుకోండి.

హనుమకొండ మనవడు:
బందులు చూశాను. ఇనుమే. మేకులూ ఉన్నాయి, ఒక్కో బందుకు నాలుగు.

వారం కూలికి ఒప్పుకున్నాను. రంపం పాడవుతుందని వడ్రంగి ఈ రోజు దూలాల మీద అయస్కాంతం తిప్పాడు. పదకొండు పాత మేకులు బయటపడ్డాయి, ఒకటి తల విరిగి లోపలే ఉంది. చట్రానికి కుసులు కొడతానన్నాడు. మూత మాత్రం ఒకే పలకతో కావాలని నేను, కుదరదని అతను. అది రేపు చూడాలి.