వెంటిలేటర్ పేషెంట్ ఎత్తు తెలియకపోతే టైడల్ వాల్యూమ్ ఎలా లెక్కకట్టాలి?

గుంటూరు_కోఆర్డినేటర్:
ఇక్కడ ఒక ఐసీయూలో ఏఆర్‌డీఎస్‌కి (ఊపిరితిత్తుల్లో వాపొచ్చి ఆక్సిజన్ అందని తీవ్ర జబ్బు) కొత్త మందు ట్రయల్. ప్రోటోకాల్ ప్రకారం రెండు గ్రూపులకీ కిలోకి 6 మి.లీ. టైడల్ వాల్యూమే (ఒక్కో శ్వాసకి వెంటిలేటర్ పంపే గాలి) పెట్టాలి. ఎత్తు అడిగితే అటెండెంట్లు "అయిదున్నర అడుగులుంటాడండీ" అంటారు. కేసు షీట్‌లో బరువు మాత్రమే ఉంది. దాంతో లెక్కేయొచ్చా?

బెజవాడ_ఐసీయూ:
వద్దండీ. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు, ఎత్తును బట్టే ఉంటాయి. ఎత్తును బట్టి లెక్కకట్టే బరువు మగవాళ్లకి 50 + 0.91 × (ఎత్తు సెం.మీ. − 152.4). ఆడవాళ్లకి 50 బదులు 45.5. 165 సెం.మీ. మగమనిషికి 61.5 కిలోలు, అంటే కిలోకి 6 చొప్పున దాదాపు 370 మి.లీ. అతను 85 కిలోలున్నాడని ఆ బరువుతో పెడితే 510. అప్పటికే కిలోకి 8 దాటింది. 2000 నాటి ఏఆర్‌డీఎస్‌నెట్ ట్రయల్‌లో 861 మంది మీద కిలోకి 6 మి.లీ.కీ 12కీ పోలిస్తే మరణాలు వరసగా 31 శాతం, 39.8 శాతం. వాల్యూమ్ బెడ్‌కో రకంగా ఉంటే మందు పనిచేసిందో, వెంటిలేటర్ దెబ్బతీసిందో తేల్చలేరు.

కొలవడం: ఫీడ్ ఆపి, దిండు తీసి, బెడ్ చదును చేసి, నడినెత్తి నుంచి మడమ దాకా టేపు. కాళ్లు ముడుచుకుపోతే ముంజేతి ఎముక (అల్నా) పొడవుతో అంచనా కట్టే పట్టికలున్నాయి. అయ్యాక తల మళ్లీ 30 డిగ్రీలు పైకి లేపడం మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది అదే.

రెస్పిరేటరీ_థెరపిస్ట్:
నంబరు పెట్టేసినంత మాత్రాన అయిపోదు. అర సెకను ఇన్‌స్పిరేటరీ హోల్డ్ (గాలి లోపలికి వెళ్లాక కాసేపు ఆపడం) ఇచ్చి ప్లాటో ప్రెజర్ (అప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి) చూడండి, 30 సెం.మీ. నీటి ఒత్తిడి దాటితే కిలోకి 1 మి.లీ. చొప్పున 4 దాకా తగ్గించాలి. పేషెంట్ సొంతంగా లాగుతుంటే ఆ రీడింగ్ నమ్మకండి. స్క్రీన్ మీద జంట శ్వాసలు (ఒకటి పూర్తిగా బయటికి పోకముందే రెండోది) కనిపిస్తే లోపలికి పోయేది 370 కాదు, దాదాపు రెట్టింపు. సెడేషన్, ఇన్‌స్పిరేటరీ టైమ్ సరిచూడాలి. సీఓటూ పెరిగితే ముందు శ్వాసల రేటు పెంచండి, నిమిషానికి 35 దాకా. హెచ్‌ఎంఈ ఫిల్టర్ (గాలికి వేడి, తేమ పట్టించేది) ఉంటే అదీ డెడ్ స్పేసే (సీఓటూ బయటికి పోకుండా గాలి నిలిచే చోటు), హీటెడ్ హ్యుమిడిఫయర్‌కి మార్చండి.

గుంటూరు_కోఆర్డినేటర్:
ముందు ఎత్తు 172 అని రాసి, రాండమైజేషన్ (లాటరీలా గ్రూపు కేటాయింపు) అయ్యాక కొలిస్తే 164 వచ్చిందనుకోండి. అప్పుడు?

బెజవాడ_ఐసీయూ:
వాల్యూమ్ వెంటనే 407 నుంచి 363కి దించండి, పేపర్ తర్వాత. వైట్‌నర్ ముట్టుకోవద్దు. పాత అంకె చదవగలిగేలా ఒకే గీత కొట్టి, పక్కన కొత్తది, కారణం, తేదీ, పొట్టి సంతకం. ఎక్కువ వాల్యూమ్‌తో నడిచిన గంటల్ని, ప్రోటోకాల్ తప్పినవి రాసే డీవియేషన్ లాగ్‌లో ఎక్కించండి.