8 నెలల ల్యాబ్ కుక్కని బండి వెనకాల పరిగెత్తించవచ్చా?

రింగురోడ్డు కుర్రాడు, విజయనగరం:
అందరికీ నమస్తే. మా ఇంట్లో 8 నెలల ఆడ ల్యాబ్రడార్ ఉంది, పేరు చిట్టి. పొద్దున్న 9కి నేను ఆఫీసుకి పోతే మళ్లీ రాత్రి 7 దాటాకే రావడం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, దాన్ని పట్టుకుని నడవలేదు. ఈమధ్య చెప్పులు, సోఫా అంచు, నాన్నగారి పంచె ఏదీ వదలట్లేదు. మా మేనమామ వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "బండికి గొలుసు కట్టి బైపాస్ మీద ఒక రౌండు లాగించరా, రాత్రికి కిక్కురుమనదు" అని. నిజంగా చేయొచ్చా? తిండి రోజూ పెరుగన్నం, ఆదివారం చికెన్. ఒళ్లు కూడా బాగా చేసింది.

తోటపాలెం గురు:
మావాడు స్కూటీ పక్కనే పరిగెత్తుతాడు గురూ, ఏం కాలేదు. కాకపోతే మాది నాటు కుక్క, 4 ఏళ్లది, బాణంలా ఉంటుంది. ల్యాబ్ సంగతి నాకు తెలీదు.

గరివిడి వెటర్నరీ విద్యార్థిని:
వద్దన్నా, అస్సలు వద్దు. పెద్ద జాతి కుక్కలకి ఎముకలు పూర్తిగా గట్టిపడేసరికి ఏడాది, ఒక్కోదానికి ఏడాదిన్నర పడుతుంది. ఈలోపు తారు మీద బలవంతంగా పరిగెత్తిస్తే కీళ్లు దెబ్బతింటాయి, అసలే ల్యాబ్‌లకి తుంటి కీలు జబ్బు ఎక్కువ. పైగా బండికి కట్టేస్తే అది అలిసిపోయినా ఆగలేదు కదా.

ఎండ గురించి కూడా చెప్పాలి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి పోతుంది. మన దగ్గర ఉక్కపోత కదా, గాల్లో తేమ ఎక్కువుంటే ఆ రొప్పడం కూడా సరిగా పనిచేయదు. అందుకే ఉదయం 6 లోపు, రాత్రి రోడ్డు చల్లారాక మాత్రమే నడిపించండి. అరచేతి వెనక భాగం రోడ్డుకి ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలుతున్నట్టే. దాని మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటి తూలుతుంటే వెంటనే పొట్టకీ పాదాలకీ నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ట్యాంకు నీళ్లు మాత్రం పోయకండి, ఏప్రిల్‌లో అవి సలసలా కాగుతుంటాయి, బిందె నీళ్లు వాడండి.

తిండిలో అన్నం తగ్గించి గుడ్డు, చికెన్ రోజూ కొంచెం పెట్టండి. ఉడికిన ఎముకలు వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. పక్కటెముకలు చేతికి తగలాలి, తగలకపోతే లావెక్కినట్టే. తిన్నాక కనీసం గంటసేపు గెంతులు వేయనివ్వకండి.

పాత హ్యాండ్లర్, శ్రీకాకుళం:
బాబూ, నేను పోలీసు డాగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరయ్యాను. డ్యూటీ చేసే కుక్కకి డ్యూటీయే వ్యాయామం అనుకుంటారు జనం. కాదు. చూపులేనివాళ్లకి దారి చూపే కుక్కైనా, బాంబులు వెతికే కుక్కైనా పని చేసినంతసేపూ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటుంది, అందుకే పట్టీ విప్పాక దానికి విడిగా ఆట ఉండాల్సిందే. మీ చిట్టికి ఉల్టా. ఒళ్లుకి పని కాస్తో కూస్తో ఉంది, ముక్కుకి లేదు. ల్యాబ్ అంటేనే ముక్కు.

ఒక పాత తువ్వాలు తీసుకోండి. ఉడికించిన చికెన్ ముక్క మధ్యలో పెట్టి చుట్టి, అది చూస్తుండగానే తలుపు పక్కన పెట్టి "వెతుకు" అనండి. దొరకగానే పొగడండి, గట్టిగా పొగడండి, అక్కడ సిగ్గుపడకూడదు. మూడు నాలుగు రోజులయ్యాక బియ్యం డ్రమ్ము వెనకాల, తర్వాత మేడ మీద. తువ్వాలు ముడి గట్టిగా వేస్తే ముక్కుతో తోసి, కాలితో అదిమి, పళ్లతో లాగి విప్పుకోవడానికి బోలెడు టైం పడుతుంది. పావుగంట ఆడించండి, ఆ తర్వాత గచ్చు మీద బోర్లా పడుకుంటుంది. అమ్మగారు కుర్చీలో కూర్చునే ఆడించవచ్చు.

రోజూ బ్రష్ చేసేటప్పుడు వేళ్ల సందులు, చెవుల వెనక చూడండి. గోమార్లు ఉంటే కిరోసిన్ రాయకండి, మా ఊళ్లలో చాలామంది రాస్తారు, అది కుక్కకి విషం. చిగుళ్లు పాలిపోయి జ్వరం ఉంటే గోమారు జ్వరమేమో, రక్తపరీక్ష చేయించాలి.

రింగురోడ్డు కుర్రాడు:
థాంక్యూ సార్, మేనమామకి చూపిస్తా. ఇంకో టెన్షన్, నడిపిస్తుంటే వీధికుక్కలు చుట్టుముడుతున్నాయి. పోనీ పెద్దచెరువులో ఈతకి దింపనా?

బలగ నుంచి:
చెరువు మాట మానేయండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనకీ అంటుకుంటుంది. చింతపల్లి బీచ్‌కి సెలవురోజు తీసుకెళ్లండి, అల దగ్గర ఆడనిచ్చి, ఉప్పునీళ్లు తాగకుండా మీ బాటిల్ నీళ్లే పట్టి, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి.

వీధికుక్కలు వస్తే పరిగెత్తొద్దు, మీ కుక్కని ఎత్తుకోవద్దు, అయినా ల్యాబ్‌ని ఎవరెత్తుతారు లెండి. పట్టీ పొట్టిగా పట్టుకుని మెల్లగా దారి మార్చేయండి, రోజూ ఒకే వీధిలో గొడవైతే ఆ వీధే వదిలేయండి. ఎవరికైనా పన్ను దిగితే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి. చిట్టికి రేబిస్ టీకా వేయించారా, అది చెప్పండి ముందు.