విదేశీ నటి వర్క్ వీసా ఖర్చు కోసం నలుగురినీ చందా అడగడం సబబేనా?

తెరవెనుక:
న్యూయార్క్‌లో మాది చిన్న నాటక బృందం. ఇక్కడే నటనలో మాస్టర్స్ చేసిన, కొలంబియా దేశం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎనిమిది నెలలుగా మాతో ఆడుతోంది. చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే కాబట్టి ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది, ఇంజినీరింగ్ వాళ్లకి వచ్చే 24 నెలల పొడిగింపు నటన చదివినవాళ్లకి రాదు. ఆమెకి మిగిలిన దారి ఓ-1బి, అంటే ఓ-1 వర్క్ వీసాలో కళాకారులకిచ్చే రకం. ఆ ఖర్చుకి ఆన్‌లైన్లో విరాళాల పేజీ పెడదామని నేనన్నాను. మా వాళ్లలోనే ఇద్దరు గట్టిగా కాదన్నారు, జబ్బు చేసినవాళ్ల కోసమో ఇల్లు కాలినవాళ్ల కోసమో అడగాలి గానీ ఒకరి కెరీర్ కోసం చెయ్యి చాచడమేంటని వాళ్ల మాట. నాకు మాత్రం అడగడంలో తప్పు కనపడట్లేదు. మీరేమంటారు?

లెక్కలపుస్తకం:
ఎంత కావాలో చెప్పకుండా తప్పో ఒప్పో ఎలా చెప్తాం? ముందు లెక్క పెట్టండి.

తెరవెనుక:
నిజమే, పెట్టాల్సింది. ఓ-1కి ఎవరికి వాళ్లు అప్లై చేసుకోలేరు, అమెరికాలోని యజమానో ఏజెంటో ఐ-129 పిటిషన్ వెయ్యాలి. 2024 ఏప్రిల్ దాకా దాని ఫీజు 460 డాలర్లు. ఆ నెల నుంచి ఓ-1కి 1,055 చేశారు. ఉద్యోగులు 25 మందికి మించని చిన్న సంస్థలకీ, నాన్‌ప్రాఫిట్లకీ 530. దాని మీద శరణార్థుల విభాగం ఖర్చు కోసమని ఇంకో ఫీజు 600, చిన్న సంస్థకి 300, నాన్‌ప్రాఫిట్‌కి సున్నా. మేము నాన్‌ప్రాఫిట్‌గా రిజిస్టర్ కాలేదు, పైగా ఆమెకి వేరే బృందాల్లోనూ పని ఉంది కాబట్టి ఒక చిన్న ఏజెంటు పేరు మీద వేస్తున్నాం. అంటే 830. టైమ్ తక్కువ గనక 15 పనిదినాల్లో జవాబొచ్చే ప్రీమియం కావాలి. అది 2,805 ఉండేది, 2026 మార్చి నుంచి 2,965. ఈ రెండూ కలిపితేనే 3,795. లాయరు ఫీజు వేరే, అది కూడా వేలల్లోనే.

నిక్కచ్చిగా:
మీ లెక్కలోనే జవాబుంది కదా. ఆమె పనితో లాభపడేది ఎవరు? నిర్మాతలు, ఏజెంటు. హెచ్-1బిలో కొన్ని ఫీజులు యజమానే కట్టాలని, ఉద్యోగి దగ్గర వసూలు చెయ్యకూడదని చట్టంలోనే ఉంది. ఓ-1లో అలాంటి కట్టడి లేకపోవడంతో భారమంతా నటుల నెత్తిన పడుతోంది, వాళ్లు తెచ్చి మన నెత్తిన పెడుతున్నారు. మనం చందా ఇచ్చిన ప్రతిసారీ "ఆ డబ్బు ఎలాగోలా వాళ్లే తెచ్చుకుంటారు" అని నిర్మాతలకి అలవాటు చేస్తున్నాం. నాకు ఆమె మీద కోపం లేదు, ఈ పద్ధతి మీద ఉంది.

వలసపిట్ట:
నిక్కచ్చి గారూ, మీరన్నది పెద్ద నిర్మాణ సంస్థల విషయంలో నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. కానీ 60 సీట్ల హాల్లో నాటకం వేసేవాడి దగ్గర హాలు అద్దెకే డబ్బు చాలదు, ఆయన్ని కట్టమంటే ఆయన వేరే నటిని పెట్టుకుంటాడు, అంతే. నేనూ డాన్సర్‌గా ఈ వీసా మీద బతికినదాన్నే కాబట్టి ఒక సంగతి చెప్తాను. ఇక్కడ పుట్టిన నటీనటులు వేషాలు లేనప్పుడు హోటల్లో వడ్డన చేస్తారు, పిల్లల్ని చూసుకుంటారు, రాత్రిళ్లు బార్లో పని చేస్తారు. ఈ అమ్మాయికి ఆ దారి లేదు. ఓపీటీలో చదివిన చదువుకి సంబంధించిన పనే చెయ్యాలి. ఓ-1 వచ్చాక కూడా పిటిషన్లో చూపించిన పనులే. ప్లేట్లు కడిగి ఫీజు సంపాదించుకుంటానన్నా చట్టం ఒప్పుకోదు. "కష్టపడి సంపాదించుకోవచ్చుగా" అని ఎంత తేలిగ్గా అనేస్తారో, నన్నూ అన్నారు. నటనతోనే ఫీజు సంపాదించాలి, ఆ నటన చెయ్యాలంటే ఫీజు కట్టాలి. మధ్యలో ఎవరో ఒకరు చెయ్యందించాలి.

నా ఫైలు నాకిప్పటికీ కళ్లముందుంది. పాత ప్రదర్శనల కరపత్రాలన్నీ నేల మీద పరుచుకుని, నా పేరున్న చోటల్లా పసుపు మార్కర్‌తో గీసుకుంటూ కూర్చున్నాను. ఒక కరపత్రంలో అక్షరం తప్పు పడి నా ఇంటిపేరు వేరేగా ఉంది, దాన్ని పెట్టాలా మానాలా అని రాత్రంతా టెన్షన్. ఒక్క అక్షరానికి అంత భయపడతాం.

బ్రాడ్‌వేకిరెండువీధులు:
ఈ మాట నచ్చదని తెలిసీ రాస్తున్నాను. నేను ఇక్కడే పుట్టాను, తొమ్మిదేళ్లుగా ఆడిషన్లకి తిరుగుతున్నాను. పొద్దున ఆరింటికి చలిలో లైన్లో నిలబడి, మధ్యాహ్నానికి "ఈరోజుకి ఇక చూడట్లేదు" అనిపించుకుని వెనక్కి వచ్చిన రోజులు లెక్కలేదు. మా ఇన్సూరెన్స్‌కి, మా అద్దెకి ఎవరూ పేజీ పెట్టలేదు. ఉన్న వేషాలే తక్కువ. ఇంకొకరు వచ్చి పోటీ పడటానికి నేను డబ్బివ్వాలా? ఇంకో సంగతి, ఆ వీసా "అసాధారణ ప్రతిభ" ఉన్నవాళ్లకి. అంత ప్రతిభ ఉంటే నాలుగు వేల డాలర్లకి ఇబ్బంది ఎందుకొచ్చింది?

తెరవెనుక:
మీ కష్టం కాదనను, ఆ లైన్లలో నేనూ నిలబడ్డాను. ప్రతిభ సంగతి చెప్తాను. కళాకారుల విషయంలో చట్టం చూసేది ఆ రంగంలో మిగతావారి కన్నా ప్రత్యేకంగా గుర్తింపు ఉందా లేదా అని. ఆస్కార్, ఎమ్మీ స్థాయి అవార్డో నామినేషనో లేకపోతే ఆరు రకాల ఆధారాల్లో కనీసం మూడు చూపించాలి. పేరున్న ప్రదర్శనల్లో ముఖ్య పాత్రలు, పత్రికల్లో సమీక్షలు, నిపుణుల గుర్తింపు, ఇలాంటివి. ఎక్కువ పారితోషికం ఆ ఆరింటిలో ఒకటి, అంతే. రంగస్థలం మీద మంచి సమీక్షలు తెచ్చుకుని కూడా చేతిలో డబ్బు లేనివాళ్లు ఎంతమందో మీకు నాకన్నా బాగా తెలుసు.

పాతప్రేక్షకుడు:
పోటీ మాట వచ్చింది గనక. 1990లో 'మిస్ సైగాన్' అనే సంగీత నాటకాన్ని ఇక్కడి పెద్ద థియేటర్ల బ్రాడ్‌వేకి తెస్తున్నప్పుడు లండన్‌లో అందులో కథానాయిక పాత్ర చేసిన ఫిలిప్పీన్స్ నటి లియా సలోంగాని ఇక్కడికి రానివ్వడానికి నటీనటుల యూనియన్ ఈక్విటీ ఒప్పుకోలేదు. ఇక్కడి ఆసియా సంతతి నటికి ఆ అవకాశం ఇవ్వాలన్నారు. మధ్యవర్తి దగ్గరికి వెళ్తే ఆమెకి అనుకూలంగా వచ్చింది, 1991లో ఆమె రంగస్థలానికిచ్చే టోనీ అవార్డు గెలిచింది. నేను ఆమె పక్షమే. అయినా యూనియన్ అడిగింది అన్యాయమని అనలేను, అప్పట్లో ఇక్కడి ఆసియా నటులకి దక్కే పాత్రలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఓ-1కి యూనియన్ లేదా అదే రంగం వాళ్ల అభిప్రాయ లేఖ కావాలన్న నియమం నాకు సబబుగానే అనిపిస్తుంది. స్థానికుల మాట వినిపించాల్సిన చోటు అది. చందా ఇవ్వడం, మానడం ఎవరిష్టం వాళ్లది.

చేదుఅనుభవం:
నేను ఇలాంటి పేజీకే 200 డాలర్లు ఇచ్చాను, పేర్లు చెప్పను. ఆధారాలు చాలవు, ఇంకా పంపండని ఇమిగ్రేషన్ వాళ్ల నుంచి నోటీసొచ్చింది, చివరికి తిరస్కరించారు. ఫైలింగ్ ఫీజు వెనక్కి రాదు. ప్రీమియం డబ్బు కూడా వాళ్లు గడువులోగా స్పందించకపోతేనే వెనక్కిస్తారు, కాదన్నా అది జవాబే. ఇవేవీ ఆ పేజీలో రాయలేదు. "ఈమెని ఇక్కడే ఉంచుదాం" అని పెద్దక్షరాల్లో రాశారు. డబ్బు పోయినందుకు నాకు బాధలేదు. ఆ తర్వాత ఏమైందో ఒక్క ముక్క రాయలేదు, నేనే మెసేజ్ పెట్టి అడగాల్సి వచ్చింది, అప్పటికి ఆమె తన దేశం వెళ్లిపోయి రెండు నెలలైంది. అడిగేటప్పుడు ఉన్న ఆత్రం చెప్పేటప్పుడు ఉండకపోతే ఎలా? అడగండి, కానీ వీసా రాకపోవచ్చని మొదటి వాక్యంలోనే రాయండి.

లెక్కలపుస్తకం:
ఈ పోస్టుకి చాలా థాంక్స్. డబ్బు సంగతులు ఇంకొన్ని. గోఫండ్‌మీ లాంటి చోట అమెరికాలో ప్రతి విరాళం మీద 2.9 శాతం, పైన 30 సెంట్లు పోతాయి, టార్గెట్ పెట్టేటప్పుడు అది కలుపుకోండి. ఒక మనిషికి ఇచ్చేది దానధర్మాల కింద రాదు, ఇచ్చినవాళ్లకి పన్ను మినహాయింపు ఉండదు, ఆ మాట కూడా రాయండి. ముఖ్యమైంది ఇంకోటి: "50 డాలర్లిస్తే ఆమె మీకోసం పద్యం చదువుతుంది, 200 ఇస్తే క్లాసు చెప్తుంది" అని పెట్టకండి. అప్పుడది బహుమతి కాదు, పనికి తీసుకున్న డబ్బులా కనపడుతుంది, ఆమె ఉన్న పరిస్థితిలో ఆ చిక్కు అసలొద్దు. ఆమె స్టేటస్ ఏ తేదీకి ముగుస్తుందో, రసీదు నంబరు ఏంటో పేజీలో పెట్టొద్దు. మనకి మామూలు వివరాలు, ఆమెకి కాదు.

నిక్కచ్చిగా:
అలాగైతే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగానికి ఒక మాట: ఏజెంటునీ, రాబోయే నాటకాల నిర్మాతల్నీ ముందు అడగండి. వాళ్లు ఎంత ఇచ్చారో పేజీలో రాయండి. ఒక్క డాలరూ ఇవ్వకపోతే అదీ రాయండి.

తెరవెనుక:
నిన్న రాత్రి రిహార్సల్ అయ్యాక ఈ చర్చంతా ఆమెకి ఇంగ్లీషులో చదివి వినిపించాను. చేదుఅనుభవం గారి పోస్టు దగ్గర ఆపమంది. కాసేపు షూ లేసులు విప్పుతూ కూర్చుని, "కాదంటే నేనే అందరికీ రాస్తాను, నువ్వు రాయొద్దు" అంది. కాబట్టి ఇలా చేస్తున్నాం. లాయరు ఫీజు ఆమె తన దాచుకున్న డబ్బుతోనూ, ఇంటి నుంచి తెప్పించుకునీ కడుతుంది. పేజీ ప్రభుత్వ ఫీజుకి మాత్రమే. ఒక నిర్మాత 500 ఇస్తానన్నారు, అది రాస్తాం. ఏజెంటు ఇవ్వనన్నాడు, అదీ రాస్తాం. వచ్చిన డబ్బు నేరుగా లాయరు ట్రస్ట్ ఖాతాకి వెళ్తుంది, మిగిలితే ఇచ్చినవాళ్లకి తిరిగి పంపుతాం. ఇంకా తెగనిది ఒక్కటే. కొలంబియా పత్రికల్లో వచ్చిన 14 సమీక్షలు స్పానిష్‌లో ఉన్నాయి, ప్రతిదానికీ ఇంగ్లీషు అనువాదం, సరిగ్గా చేశామని అనువాదకుల సంతకంతో సహా కావాలి. అది మా లెక్కలో లేదు.

బ్రాడ్‌వేకిరెండువీధులు:
నేను డబ్బివ్వను, ఆ మాట మీదే ఉన్నాను. స్పానిష్ నాకు బాగా వచ్చు, కాలేజీలో నాలుగేళ్లు చదివాను. ఆ 14 నాకు పంపండి, ఆదివారానికల్లా చేసి సంతకం పెట్టి ఇస్తాను.